ఇంటికీ, ప్రయాణానికీ ఒక గట్టి కెమెరా

మన పెద్దల ఇళ్ళలో గోడకు ఒక ఫొటో ఉండేది. కుర్చీలో తాతగారు, పక్కన నిలబడి నాయనమ్మగారు, వారి వెనుక స్టూడియోవారు దించిన తెర, ఆ తెర మీద ఒక మేడ, ఒక పూలకుండీ. ఆ స్టూడియో షోలాపూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, మద్రాసులో ఉన్నా తెర మీది బొమ్మ ఇంచుమించు ఒకటే. జన్మలో ఒకసారో రెండుసార్లో తీయించుకొన్న ఫొటో అది. తీయించుకొన్నవారు వెళ్ళిపోయారు. ఇల్లు మారింది. ఇంట్లో మాటలలో పక్క భాష సగం కలిసింది. ఫొటో మాత్రం మన వెంటనే వస్తున్నది.

తరువాత కెమెరా ఇంటికే వచ్చింది. ఆగ్ఫా క్లిక్ త్రీ అనే నల్లని చిన్న పెట్టెను ఎరిగినవారు మన పాఠకులలో ఇంకా ఉన్నారు. రీలుకు పన్నెండు బొమ్మలు. ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ పేరు కూడా మనవారికి గుర్తే. పన్నెండే గనుక ప్రతి బొమ్మకూ ఒక ఆలోచన ఉండేది. అందరినీ పిలిచి, ఎండకు వీపు పెట్టి నిలబడి, కదలవద్దని పిల్లలను గదమాయించి తీసేవారు.

నేడు లెక్క లేదు. ఒక్క పెళ్ళిలో వందలు, ఒక్క యాత్రలో వేలు. అయినా “నిరుడు పూరీ వెళ్ళినప్పుడు పెద్దమ్మను తీసిన ఫొటో ఏదిరా?” అని అడిగితే, “అది పాత ఫోనులో ఉండేది అత్తయ్యా, ఆ ఫోను సముద్రపు నీటిలో తడిసి పోయింది” అనే జవాబు వినని ఇల్లు అరుదు. 

చిన్నదై, జేబులో పట్టేదై, దెబ్బకూ తడికీ ఓర్చేదై, ఇంట్లో అందరి చేతికీ అందే డిజిటల్ కెమెరాను కొనదలచిన కుటుంబం ఏమేమి చూసుకోవాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. వీటి సారం ఒక్కటే: కెమెరాను పెట్టె మీది అంకెలు చూసి కాదు, అది మన చేతుల్లో పడబోయే కష్టాలు చూసి ఎంచుకోవాలి.

ఫోను ఉండగా కెమెరా ఎందుకు?

ఈ ప్రశ్న న్యాయమైనదే. మంచి వెలుగులో నలుగురిని నిలబెట్టి తీసే ఫొటోకు నేటి ఫోను చాలును. అంతకుమించి అవసరం లేనివారు కెమెరా కొనక్కరలేదు, ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

అయితే ఫోనులో ఇప్పుడు మన బ్యాంకు ఉన్నది, రైలు టిక్కెట్టు ఉన్నది, డాక్టరుగారి చీటీ ఉన్నది, బంధువుల నంబర్లన్నీ ఉన్నవి. గోపాలపూరు అలల దగ్గర గాని, హొగెనక్కల్ తెప్పలో గాని, చిలక సరస్సు పడవలో గాని చేతిలో పట్టుకొన్నది నీటిలో పడితే ఒక్క ఫొటోతో పోదు, ఆ రోజు ప్రయాణమంతా ఆగిపోతుంది. ఫోన్లకు కూడా నీటికి ఓర్చే గుణం ఉన్నదంటారు, నిజమే. కాని నీటి వలన కలిగిన నష్టాన్ని చాలా కంపెనీలు గారంటీలో చేర్చవు. 

తడిచేతితో అద్దం మీద వేలు ఆడదు, నొక్కుడు మీటకు ఆ బాధ లేదు. ఎనిమిదేళ్ళ మనవడి చేతికి ఫోను ఇవ్వడానికి వెనుకాడే తాతగారు గట్టి కెమెరాను నిశ్చింతగా ఇస్తారు. ఫోను ఒకరి సొత్తు, కెమెరా ఇంటి సొత్తు. ఈ తేడా చిన్నది కాదు. ఎవరి ఫోనులో ఉన్న ఫొటో వారితో పోతుంది. ఇంటి కెమెరాలోని ఫొటో ఇంట్లో ఉంటుంది.

మన ఊళ్ళలో కెమెరాకు శత్రువులు

కెమెరాలు పాడయ్యే తీరు ఊరిని బట్టి మారుతుంది. తమ ఊరి శత్రువు ఏదో తెలిసికొన్నవారికి సగం ఎంపిక అయినట్లే.

భీవండి, షోలాపూరు వంటి మరమగ్గాల ఊళ్ళలో గాలిలో దూది నూగు ఎప్పుడూ ఉంటుంది. సాధారణమైన చిన్న కెమెరాను తెరవగానే లెన్సు గొట్టం ముందుకు సాగుతుంది, మూయగానే లోపలికి పోతుంది. పోయేటప్పుడు గొట్టానికి అంటిన నూగునూ ధూళినీ లోపలికి తీసికొనిపోతుంది. కొన్నాళ్ళకు ప్రతి ఫొటోలోనూ ఒకేచోట మచ్చ కనబడుతుంది, లేదా గొట్టం సగంలో బిగిసిపోతుంది. 

చెన్నై, ముంబయి, బరంపురం, యానాం వంటి తీరపు ఊళ్ళలో రెండు శత్రువులు. ఒకటి ఉప్పుగాలి: లోహపు కొసలను తినివేస్తుంది. రెండవది చెమ్మ: మూసి ఉంచిన లెన్సులో బూజు పుట్టిస్తుంది. సాలెగూడు వంటి ఆ బూజు అద్దం మీది పూతను తిన్నదంటే మరి పోదు. 

సముద్రపు ఇసుక వేరే శత్రువు. ఒక్క రేణువు మీట సందులో చిక్కితే చాలు. పశ్చిమ కనుమల వానలలో, ఆగుంబె వంటి చోట్ల, గొడుగు ఉన్నా సంచి తడవకుండా ఉండదు. ఇక చేయి జారి పడడమన్నది అన్ని ఊళ్ళకూ సమానమే.

ఈ శత్రువులను తట్టుకొనడానికి చేసిన కెమెరాలలో ముఖ్యమైన ఏర్పాటు ఏమంటే, లెన్సు బయటికి సాగదు. వెలుగు ముందు అద్దంలో ప్రవేశించి, లోపల పట్టకం వద్ద మలుపు తిరిగి, కెమెరా ఒడ్డు పొడవునా ప్రయాణించి బొమ్మ పడే పలకను చేరుతుంది. చిన్న డిజిటల్ కెమెరాలో ఈ మడత లెన్సును మినోల్టా కంపెనీవారు 2002లో డిమాజ్ ఎక్స్ అనే కెమెరాలో తెచ్చారు. లోపలే కదిలే లెన్సు గనుక నూగు లోపలికి పోదు, నీరు పోయే సందూ ఉండదు. బ్యాటరీ తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, దానికి రెండంచెల గడియ. గట్టి కెమెరా అన్నదాని లోగుట్టు ఇంతే.

పెట్టె మీది మాటలు చదవడం

గట్టి కెమెరా పెట్టె మీద నాలుగైదు అంకెలు ఉంటాయి. వాటి అర్థం తెలియక మోసపోయేవారు కొందరు, అతిగా నమ్మి కెమెరాను పోగొట్టుకొనేవారు మరికొందరు.

మొదటిది నీటి లోతు. 2023లో వచ్చిన ఓయం సిస్టమ్ టఫ్ టీజీ 7 అనే కెమెరాకు 15 మీటర్లని వ్రాస్తారు. (ఒలింపస్ వారి కెమెరా వ్యాపారం 2021 జనవరిలో ఓయం డిజిటల్ సొల్యూషన్స్ అనే కంపెనీకి మారింది. పాత ఒలింపస్ టీజీ 6కు ఇది తమ్ముడు.) 2024లో వచ్చిన పెంటాక్స్ డబ్ల్యూజీ 8కు 20 మీటర్లని వ్రాస్తారు. మనలో 15 మీటర్ల లోతుకు ఈదేవారు ఎందరు? కాబట్టి ఈ అంకెను లోతుగా కాక, ఓర్పుగా చదవాలి. నీటిలో ప్రతి 10 మీటర్లకు చదరపు సెంటీమీటరు మీద ఇంచుమించు ఒక కిలో ఒత్తిడి పెరుగుతుంది. అంత ఒత్తిడిని తట్టుకొనే రబ్బరు పట్టీ వానకూ, వాగుకూ, బకెట్టు నీటికీ ధారాళంగా ఓరుస్తుంది. అయితే ఆ పరీక్ష కదలని మంచినీటిలో చేసినది. కెమెరాను పట్టుకొని గట్టు మీదినుంచి దూకితే ఆ చరుపు వేరు. 

వేడినీరు అసలే పనికిరాదు. ఒడిశాలోని తప్తపానిలో గాని, మహారాష్ట్రలోని వజ్రేశ్వరిలో గాని వేడినీటి గుండంలోకి కెమెరాతో దిగవద్దు. వేడికి రబ్బరు పట్టు సడలుతుంది.

రెండవది పడే ఎత్తు. పై రెండు కెమెరాలకూ 2.1 మీటర్లని వ్రాస్తారు. మనిషి చేయి ఎత్తి పట్టుకొన్న ఎత్తు అది. కాని ఇటువంటి పరీక్షలలో కెమెరాను చెక్క పలక మీదికి వదలడం వాడుక, కోణార్క శిలల మీదికి కాదు. ఒకసారి పడినా పనిచేస్తుందని దాని అర్థం, పడవేసి చూపుమని కాదు. గట్టిగా పడిన తరువాత నీటికి ఓర్చే గుణం ఉన్నదని నమ్మి మళ్ళీ నీటిలో ముంచవద్దు.

మూడవది ‘ఐ.పి.’ అన్న అక్షరాల పక్కనుండే రెండంకెలు. మొదటి అంకె ధూళికి, రెండవది నీటికి. ధూళి అంకె 6 అయితే ధూళి అసలే చొరదు. నీటి అంకె 7 అయితే ఒక మీటరు నీటిలో అరగంట. 8 అయితే అంతకు మించి, ఎంతో తయారుచేసినవారు చెప్పాలి. అంకె స్థానంలో ఎక్స్ అన్న అక్షరం ఉంటే ఆ పరీక్ష సంగతి అక్కడ చెప్పలేదని మాత్రమే గ్రహించాలి. మగ్గాల ఊరివారు లోతు కంటె మొదటి అంకెనే ముఖ్యంగా చూడాలి.

ఇంకొక సంగతి పెట్టె మీద ఉండదు. ఈ కెమెరాలు నీటికి ఓరుస్తాయే గాని నీటిలో తేలవు. టీజీ 7 బరువు 249 గ్రాములు, వదిలితే రాయివలె మునుగుతుంది. కనుక తేలే పట్టీ ఒకటి కొని మణికట్టుకు కట్టుకొన్నాకే పడవ ఎక్కాలి.

గట్టిదనానికి చెల్లించే మూల్యం

గట్టి కెమెరాలు అన్ని విధాలా గొప్పవని చెబితే పాఠకులను మోసగించినట్లే. వాటికి ఒక లోటు ఉన్నది, అది వెలుగు.

పాత కెమెరాలో ఫిల్ము ఉన్నచోట డిజిటల్ కెమెరాలో సెన్సారు అనే పలక ఉంటుంది. పలక పెద్దదయితే ఎక్కువ వెలుగు పడుతుంది, బొమ్మ నున్నగా వస్తుంది. గట్టి కెమెరాలలోని పలక వెడల్పు ఇంచుమించు 6.2 మిల్లీమీటర్లు, ఎత్తు 4.6 మిల్లీమీటర్లు. అంటే చిన్న బొత్తామంత. ఎండలో దీనికేమీ కొరత లేదు. రాత్రి పెళ్ళిపందిరిలో, దీపాల వెలుగులో బొమ్మల కొలువు ముందు, మసకగా ఉండే రైలుపెట్టెలో బొమ్మ గరుకుగా వస్తుంది, కదిలిన పిల్లవాడు అలుక్కుపోయి కనబడతాడు.

ఒక అంగుళపు పలక అని పిలిచే దాని కొలత 13.2, 8.8 మిల్లీమీటర్లు. విస్తీర్ణంలో ఇది చిన్న పలకకు నాలుగు రెట్లు. 2012లో మొదలైన సోనీ ఆర్‌ఎక్స్ 100 వరుస కెమెరాలు ఈ తరహావి. అవీ జేబులో పడతాయి, సందెవెలుగులో వాటి బొమ్మ ఎంతో మేలు. కాని వాటి లెన్సు గొట్టం బయటికి సాగుతుంది, నీటికీ ఇసుకకూ అవి ఓర్చవు.

కనుక కుటుంబం తన్ను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి: మనం ఎక్కువగా ఫొటోలు తీసేది ఎక్కడ? ఏటా సముద్రతీరానికో, నదీస్నానానికో, కొండవానలకో పోయేవారు, చిన్నపిల్లలున్నవారు, మగ్గాల ఊరివారు గట్టి కెమెరా తీసికొంటే మంచిది. పేరంటాలు, రాత్రి పెళ్ళిళ్ళు, సంఘంలో ఉగాది నాటకాలు ముఖ్యమైనవారు పెద్ద పలక కెమెరా తీసికొని, దానికి మంచి సంచి కట్టించుకోవాలి. రెండూ ఒకే కెమెరాలో దొరుకుతాయని ఏ దుకాణదారు చెప్పినా తల ఊపి బయటికి రావడమే.

గట్టి కెమెరాలలోనే వెలుగు విషయంలో తరతమాలున్నవి. లెన్సు పక్కన ‘ఎఫ్’ అనే అక్షరం, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. అంకె చిన్నదైతే కిటికీ పెద్దదన్న మాట. టీజీ 7కు ఈ అంకె 2. డబ్ల్యూజీ 8కు 3.5. లెక్క కడితే మొదటిది రెండవదానికంటె మూడు రెట్లు వెలుగు లోపలికి రానిస్తుంది. నీటిలోతులో అయిదు మీటర్ల తేడా కంటె ఇంట్లో ఈ మూడు రెట్ల వెలుగే అక్కరకు వస్తుంది.

మెగాపిక్సెల్ మాయ

1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ మొట్టమొదటి డిజిటల్ కెమెరాను కట్టినప్పుడు దానిలో ఉన్నవి పదివేల చుక్కలు మాత్రమే. అంటే 0.01 మెగాపిక్సెల్. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఆనాడు చుక్కల సంఖ్య పెంచడం అవసరమే. నేడు అది బేరానికి చెప్పే మాట అయిపోయింది.

టీజీ 7లో 12 మెగాపిక్సెల్, డబ్ల్యూజీ 8లో 20 మెగాపిక్సెల్. చూడగానే రెండవది మేలనిపిస్తుంది. కాని 12 మెగాపిక్సెల్ బొమ్మలో అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలుంటాయి. ఫొటో అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు చాలా మంచి పాళ్ళు. ఆ లెక్కన 13 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తున గోడకు కట్టే పటం వస్తుంది. మన ఇళ్ళలో అంతకు మించిన పటం ఎప్పుడో గాని వేయించము. ఉన్న చిన్న పలకను మరీ ఎక్కువ చుక్కలుగా పంచితే ఒక్కో చుక్కకు దక్కే వెలుగు తగ్గుతుంది. నలుగురికి వండిన అన్నం పదిమందికి పంచినట్లన్న మాట.

దూరపు వస్తువును దగ్గరగా చూపే జూమ్‌లో కూడా రెండు రకాలున్నవి. అద్దాలు కదిలి దగ్గర చేసేది నిజమైనది. ‘డిజిటల్ జూమ్’ అనేది ఉన్న బొమ్మను కోసి పెద్దది చేయడమే. అది మనం ఇంట్లోనూ చేసికొనవచ్చు. పెట్టె మీద అద్దాల జూమ్ అంకెను మాత్రమే లెక్కలోకి తీసికోవాలి.

దీనికి విరుద్ధంగా, చాలామంది పట్టించుకొనని గుణం ఒకటి ఎంతో ఉపయోగపడుతుంది. అది అతి దగ్గరినుంచి తీయగలగడం. టీజీ వరుస కెమెరాలు లెన్సుకు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా తీస్తాయి. నాయనమ్మగారి కాసులపేరు మీది పనితనం, తాతగారు స్వగ్రామం నుంచి వ్రాసిన కార్డు మీది తపాలా ముద్ర, పాత ఫొటో వెనుక వెలిసిపోయిన వ్రాత – వీటిని పదిలపరచుకొనడానికి ఇంతకంటె సులభమైన సాధనం లేదు.

దుకాణంలో పది నిమిషాలు

కొనేముందు కెమెరాను చేతికి ఇమ్మని అడగండి. అద్దాల బీరువాలోనే చూపి బిల్లు వ్రాసే చోట కొనవద్దు.

మొదట ఇంట్లో అందరికంటె పెద్దచేయి, అందరికంటె చిన్నచేయి గలవారు ఇద్దరూ పట్టుకొని చూడాలి. మీటలు బొటనవేలికి అందుతున్నవా? చేతికి కాస్త నీరు రాసుకొని పట్టుకొన్నా జారకుండా ఉన్నదా? 

రెండవది, వీధిలోకి వచ్చి ఎండలో తెరను చూడాలి. ఈ చిన్న కెమెరాలలో చాలావాటికి కన్ను పెట్టి చూసే కిటికీ ఉండదు, వెనుక తెరే ఆధారం. మధ్యాహ్నపు ఎండలో తెర కనబడకపోతే సముద్రతీరాన గుడ్డిగా తీయవలసిందే. చత్వారపు అద్దాలు పెట్టుకొనేవారు తప్పక చూడవలసినది ఇది. 

మూడవది, బ్యాటరీ తలుపును పదిసార్లు తెరిచి మూసి చూడండి. గడియ టక్కుమని పడాలి. అనుకోకుండా తెరుచుకొనే గడియ ఉంటే నీటికి ఓర్చే గుణమంతా వ్యర్థం. 

నాలుగవది, బ్యాటరీ విడిగా దొరుకుతుందా, ఫోనుకు వాడే టైప్ సీ తీగతోనే నింపవచ్చునా అని అడగండి. యాత్రలో ఇంకొక ఛార్జరు మోయడం ఒక బాధ, మరచిపోవడం ఇంకొక బాధ. రెండు బ్యాటరీలు ఉండడం మేలు. విమానంలో వెళ్ళేటప్పుడు విడి బ్యాటరీని చేతిసంచిలోనే ఉంచుకోవాలి, పెద్ద పెట్టెలో వేయనివ్వరు.

అయిదవది, మీట నొక్కిన తరువాత బొమ్మ పడడానికి ఎంతసేపు పడుతున్నదో చూడండి. దుకాణపు కుర్రవాణ్ణి అటునుంచి ఇటు నడవమని తీసి చూస్తే తెలుస్తుంది. మనవరాలి మొదటి అడుగులు రెండవసారి రావు గదా.

ధర లెక్క వేసుకొన్నప్పుడు కెమెరాకే అంతా పెట్టివేయకుండా, పదో వంతైనా రెండవ బ్యాటరీకి, పేరున్న కంపెనీ కార్డుకు, తేలే పట్టీకి ఉంచుకోవాలి. కార్డు మరీ పెద్దది అక్కరలేదు. 12 మెగాపిక్సెల్ బొమ్మలు 32 గిగాబైట్ల కార్డులో కొన్నివేలు పడతాయి. అంతా ఒకే పెద్ద కార్డులో పెట్టి, అది పోతే ఏడవడం కంటె రెండు చిన్నవి మేలు.

కొత్తదా, పాతదా?

నేడు కెమెరా బజారు సన్నగిల్లినది. 2010లో ప్రపంచమంతటా కంపెనీలు పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైగా ఉంటే, 2023లో 80 లక్షలకు తక్కువ. ఫోన్ల దెబ్బకు ముందుగా పడిపోయినవి చిన్న కెమెరాలే. 2017లో వచ్చిన నికాన్ డబ్ల్యూ 300, 2019లో వచ్చిన ఫ్యూజీఫిల్మ్ ఎక్స్‌పీ 140 వంటి మంచి గట్టి కెమెరాలు ఇప్పుడు తయారుకావడం లేదు. దుకాణంలో అక్కడక్కడ మిగిలినవీ, చేతులు మారినవీ దొరుకుతాయి.

పాతది కొనడంలో తప్పు లేదు. కాని గట్టి కెమెరా విషయంలో ఒక జాగ్రత్త ఉన్నది. దానికి ప్రాణం రబ్బరు పట్టీ, రబ్బరుకు వయస్సు ఉన్నది. పెట్టెలో వాడకుండా ఉంచినా అది ఎండుతుంది, బీటలు వారుతుంది. నీటిలో వాడే కెమెరాకు ఏడాదికొకసారి పట్టీలు మార్పించడం మంచి పద్ధతి. కనుక పాతదాన్ని వానకు, ధూళికి మాత్రమే నమ్మాలి, నీటిలో ముంచడానికి కాదు. దానికి బ్యాటరీ ఇంకా దొరుకుతుందో లేదో కూడా కొనకముందే విచారించాలి.

కొత్తది కొనేవారు గారంటీ మన దేశంలో చెల్లుతుందా అని బిల్లు మీద వ్రాయించుకోవాలి. విదేశంలో ఉన్న బంధువుల చేత తెప్పించుకొన్నదానికి ఇక్కడ మరమ్మతు దొరకకపోవచ్చు. మీ ఊరికి దగ్గరగా మరమ్మతు చేసేవారున్న కంపెనీదైతే రెండు గుణాలు తక్కువైనా అదే తీసికొనడం మంచిది.

కాపాడుకొనే విధం

సముద్రంలో వాడిన రోజున ఇంటికి లేదా బసకు రాగానే, తలుపులు తెరవకుండానే, కెమెరాను మంచినీటి బకెట్టులో పది నిమిషాలు ఉంచి మీటలన్నీ నొక్కి కదిలించాలి. ఉప్పు కరిగిపోతుంది. తరువాత మెత్తని బట్టతో తుడిచి నీడలో ఆరనివ్వాలి. పూర్తిగా ఆరిన తరువాతే బ్యాటరీ తలుపు తీయాలి. ఎండలోనూ, జుట్టు ఆరబెట్టే యంత్రంతోనూ ఆరబెట్టవద్దు. తలుపు మూసే ప్రతిసారీ పట్టీ మీద ఇసుక రేణువు గాని, వెంట్రుక గాని ఉన్నదేమో చూడాలి. ఒక్క వెంట్రుక చాలు, నీటికి దారి చేయడానికి.

చల్లని ఏ.సి. పెట్టెలోంచి ఉక్కపోసే ప్లాట్‌ఫారం మీదికి దిగగానే లెన్సు మీద ఆవిరి పట్టడం మనమెరిగినదే. దిగకముందే కెమెరాను సంచిలో వేసి మూసి, అరగంట తరువాత తీస్తే ఆ బాధ ఉండదు.

తీరపు ఊళ్ళవారు కెమెరాను తోలు సంచిలో వేసి బీరువాలో నెలలకొద్దీ దాచవద్దు. తోలు చెమ్మను పీలుస్తుంది, బూజుకు ఇల్లవుతుంది. గాలి చొరని డబ్బాలో, చెమ్మను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, పొట్లాలను అప్పుడప్పుడు మార్చాలి. తడిసిన కెమెరాను బియ్యంలో పాతిపెట్టే వాడుక మంచిది కాదు. బియ్యపు పిండి సందులలో చేరుతుంది, లోపలి నీరు మాత్రం అట్లాగే ఉంటుంది. అన్నిటికంటె మంచి మందు వాడకం. వారానికొకసారైనా వెలుగు చూసే కెమెరాకు బూజు అంత సులభంగా పట్టదు.

యాత్రలలో ఇంకొక మాట. తిరుమల ఆలయంలోకి గాని, పూరీ జగన్నాథస్వామి ఆలయంలోకి గాని కెమెరా తీసికొనిపోనివ్వరు. కనుక బసలోనే భద్రపరచి వెళ్ళడం మంచిది. స్వామిని కన్నులతోనే చూసి రావాలి.

కెమెరా గట్టిదైతే చాలదు, ఫొటో గట్టిది కావాలి

15 మీటర్ల నీటికి ఓర్చిన కెమెరాలోని ఫొటో ఒక్క పొరపాటు మీటకు చెరిగిపోతుంది. కాబట్టి కొన్నరోజే కెమెరాలో తేదీ సరిగా పెట్టండి. పదేళ్ళ తరువాత ఏ పండుగ ఏ సంవత్సరానిదో చెప్పేది ఆ తేదీయే. ప్రయాణం నుంచి వచ్చిన వారంలోగా కార్డులోని బొమ్మలను రెండు చోట్ల దాచాలి. ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న అబ్బాయి దగ్గరనో అమ్మాయి దగ్గరనో. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూరు వద్ద తీరం దాటింది. 2015 డిసెంబరులో చెన్నై వీధులు నీట మునిగాయి. అటువంటి రోజున ఇంట్లోకి నీరు వస్తే బీరువా కింది అరలో ఉన్న ఆల్బమూ తడుస్తుంది, దాని పక్కనే ఉన్న కంప్యూటరూ తడుస్తుంది. వేరే ఊళ్ళో ఉన్న ప్రతి మాత్రం మిగులుతుంది.

ఏడాదికి ఒకసారి, ఉగాదికో సంక్రాంతికో, ఇంట్లోవారంతా కూర్చుని ఆ సంవత్సరపు బొమ్మలలో ఇరవై నాలుగు ఏరి కాగితం మీద అచ్చు వేయించండి. ప్రతి ఫొటో వెనుక ఫొటోలకు పనికివచ్చే మార్కరుతో గాని, మెత్తని పెన్సిలుతో గాని పేర్లు, వరుస, ఊరు, సంవత్సరం వ్రాయండి. ‘మామయ్య’ అని వ్రాస్తే చాలదు. ఎవరి మామయ్యో, ఇంటిపేరేమిటో ఉండాలి. 

మన పిల్లలలో తెలుగు మాట్లాడగలిగి చదవలేనివారు ఎక్కువవుతున్నారు. కనుక తెలుగులో వ్రాసి, కింద ఆ ఊరి లిపిలో, అంటే కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో మళ్ళీ వ్రాయండి. పై వరుస ఏమిటో కింది వరుస చెబుతుంది. పిల్లలకు నాలుగు తెలుగు అక్షరాలు ఆ విధంగానైనా పరిచయమవుతాయి. 

మనలో చాలామందికి పుట్టిన ఊరొకటి, తాతల ఊరొకటి. తాతల ఊళ్ళో ఇల్లు లేదు, పొలం లేదు, పలకరించేవారు కూడా తగ్గిపోయారు. మిగిలినవి కొన్ని ముఖాలు, కొన్ని పేర్లు. ఆ ముఖానికి ఆ పేరు అతికి ఉన్నంతకాలమే అది మన ఫొటో. పేరు ఊడిపోయిననాడు అది ఎవరో పాతకాలపు మనిషి బొమ్మ.

కనుక గట్టి కెమెరా కొనండి. కొని దాచవద్దు. వంటింట్లో, వానలో, పడవలో, పిల్లల చేతుల్లో తిరగనివ్వండి. గీతలు పడితే పడనివ్వండి. ఇంట్లో ఎప్పుడూ కెమెరా పట్టుకొనే ఒకరు ఉంటారు, ఏ ఫొటోలోనూ కనబడరు. ఈసారి ఆ కెమెరా పిల్లవాడి చేతికిచ్చి, వారినీ మధ్యలో నిలబెట్టి తీయించండి.